గుడ్డ తెరచాపకు బదులు గట్టి రెక్క: మీటరు పొడవు పడవకు ఇంట్లోనే చేసుకునే పద్ధతి

మొదటి రెక్క చేసినప్పుడు నేను తూకం పట్టించుకోలేదు. చూడటానికి విమానం రెక్కలా నున్నగా, ముచ్చటగా ఉంది. నీళ్లలో పెట్టాక పడవ కాస్త ఒరిగిందో లేదో, రెక్క తన బరువుకే తలుపులా ఒక పక్కకు వాలిపోయింది. గాలి ఎటు వీస్తున్నా దానికి లెక్క లేదు. ఎలా చేయాలని అడిగేవాళ్లంతా మొదట ఆకారం గురించే అడుగుతారు. ఆకారంలో మిల్లీమీటరు తేడా వచ్చినా రెక్క పనిచేస్తుంది, తూకం తప్పితే మాత్రం పనిచేయదు. అందుకే ఈ మార్గదర్శిలో 6వ భాగం మిగతావాటికంటే పొడవుగా ఉంటుంది. దాన్ని దాటేయకండి.

ఇక్కడ చెప్పేది రిమోట్‌తో నడిచే, సుమారు ఒక మీటరు పొడవు, 4 కిలోల బరువు, కింద సీసపు కీల్ (నీళ్లలోకి దిగి పడవను నిలబెట్టే పలక) ఉన్న పడవకు. మనుషులు ఎక్కే పడవ సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను.

1. ముందు తేల్చుకోవాల్సినవి

గట్టి రెక్క గుడ్డలా రెపరెపలాడదు, ఆకారం మారదు. ఎదురుగాలికి ఏటవాలుగా పోయేటప్పుడు ఈడ్పు తక్కువ. వెనక చిన్న రెక్కలాంటి తోక పెడితే గాలి దిశ మారినప్పుడల్లా తనంతట తానే సర్దుకుంటుంది, తాడు లాగే పని ఉండదు. మనిషి లేకుండా సముద్రాల్లో తిరిగే సెయిల్‌డ్రోన్ పడవల రెక్క నడిచేది ఈ తోక పద్ధతిలోనే.

లోటు కూడా తెలుసుకోండి. రెండు పక్కలా ఒకేలా ఉండే రెక్కకు, అదే విస్తీర్ణం ఉన్న గుడ్డ తెరచాపకున్నంత గరిష్ఠ బలం రాదు. గుడ్డకు గాలికి ఉబ్బే పొట్ట ఉంటుంది, దీనికి ఉండదు. 2013 అమెరికాస్ కప్ అనే తెరచాప పోటీ పడవల్లో రెక్కను రెండు ముక్కలు చేసి వెనక ముక్కను మడిచేలా పెట్టింది ఆ పొట్ట కోసమే. మొదటిసారికి మనకు ఆ తలనొప్పి వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన లోటు, దీన్ని దించలేం, చుట్టలేం. గాలి పెరిగితే విస్తీర్ణం తగ్గించే దారి లేదు.

2. కొలతలు

- ఎత్తు: 900 మి.మీ.
- వెడల్పు: 300 మి.మీ., కింది నుంచి పైదాకా ఒకటే
- విస్తీర్ణం: 0.27 చదరపు మీటర్లు
- కోత ఆకారం: నాకా 0018 (విమాన రెక్కల ప్రామాణిక ఆకారాల్లో ఒకటి), అంటే మందం వెడల్పులో 18 శాతం
- తోక: ఎత్తు 300, వెడల్పు 100 మి.మీ.; ఇరుసు (రెక్క తిరిగే మాస్ట్ గొట్టం) నుంచి తోకదాకా 450 మి.మీ.

పైకి పోయేకొద్దీ సన్నబడే రెక్క అందంగా ఉంటుంది. కానీ అప్పుడు ప్రతి రిబ్బుకీ (రెక్క ఆకారంలో కోసే అడ్డపలక) వేరే కొలత. మొదటిది దీర్ఘచతురస్రంగానే చేయండి.

బలం ఎంత వస్తుందో ఒక లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది. ఆ ఎత్తుకు వేడి కూడా తోడై ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.1 కిలోలు. గంటకు 18 కి.మీ. గాలిలో, అంటే సెకనుకు 5 మీటర్ల దగ్గర, ఈ రెక్క మీద పడే బలం సుమారు 300 గ్రాముల బరువంత. గాలి రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది, అంటే 1200 గ్రాములు. మాస్ట్ ఎంత గట్టిగా ఉండాలో ఈ రెండో అంకె చూసి నిర్ణయించుకోవాలి, మొదటిది చూసి కాదు.

3. సామాను

బేరింగులు, గొట్టాలు, నట్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. సర్వో (తోకను తిప్పే బుల్లి మోటారు), రిసీవర్ (రిమోట్ సంకేతం అందుకునేది), వైర్లకు కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు చూడండి. తేలికైన బాల్సా చెక్క, వేడికి ముడుచుకుని బిగిసే ఫిల్మ్ మాత్రం మోడల్ విమానాల సామాను అమ్మేవాళ్ల దగ్గరే. వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి, బాల్సా ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం లేదు.

- 3 మి.మీ. బాల్సా షీట్లు (రిబ్బులకు), 1.5 మి.మీ. షీట్లు (ముందంచు చుట్టడానికి)
- 3 మి.మీ. ప్లైవుడ్ చిన్న ముక్క
- 5×5 మి.మీ. బాల్సా పుల్లలు
- 8 మి.మీ. కార్బన్ గొట్టం మాస్ట్‌కు. అల్యూమినియం అయితే గోడ మందం 1 మి.మీ. తగ్గకూడదు
- 6 మి.మీ. కార్బన్ గొట్టం, 720 మి.మీ. పొడవు (తోక కడ్డీ)
- 608 నంబరు బేరింగులు రెండు: లోపలి రంధ్రం 8, బయటి చుట్టు 22, మందం 7 మి.మీ.
- సైకిల్ చక్రంలో వేసే ఉక్కు గోళీ ఒకటి
- 9 గ్రాముల సర్వో, రెండో రిసీవర్, నాలుగు పెన్సిల్ సెల్ రీచార్జ్ బ్యాటరీలు
- గాలానికి కట్టే సీసం గుండ్లు, రెండు బెలూన్లు
- నీటికి తట్టుకునే చెక్క జిగురు, ఎపాక్సీ
- ముడుచుకునే ఫిల్మ్, ఇస్త్రీ పెట్టె

బాల్సా దొరక్క థర్మకోల్‌తో చేద్దామనుకుంటే ఒక మాట. సూపర్ గ్లూ తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది, ఇస్త్రీ పెట్టె తగిలినా అంతే.

4. రిబ్బులు కోయడం

పది రిబ్బులు కావాలి. 300 మి.మీ. గీత గీసి, ముందంచు నుంచి కింది దూరాల దగ్గర మధ్యగీతకు అటు ఇటు ఈ కొలతలు పెట్టండి. అన్నీ మిల్లీమీటర్లలోనే.

- 3.75 దగ్గర 8.5
- 7.5 దగ్గర 11.8
- 15 దగ్గర 16.0
- 30 దగ్గర 21.1
- 60 దగ్గర 25.8
- 90 దగ్గర 27.0 (ఇదే అత్యధికం)
- 120 దగ్గర 26.1
- 150 దగ్గర 23.8
- 180 దగ్గర 20.5
- 210 దగ్గర 16.5
- 240 దగ్గర 11.8
- 270 దగ్గర 6.5
- 300 దగ్గర 0.6

చుక్కల్ని చేత్తో కలపకండి. చీపురుపుల్లలాంటి వంగే పుల్లను చుక్కల మీదుగా వంచి గీయండి, గీత సాఫీగా వస్తుంది. ముందు ప్లైవుడ్‌తో ఒక అచ్చు కోసి, దాన్నిబట్టి మిగతావి కోయాలి. తర్వాత పదింటినీ కట్టగా బిగించి ఒకేసారి గరుకు కాగితంతో రుద్దండి. గీసిన గీతమీద బ్లేడు వంద శాతం నడవదు, కానీ కట్టగా రుద్దితే అన్నీ ఒకే తప్పుతో వస్తాయి. అది చాలు.

చుట్టూ అంటించే 1.5 మి.మీ. షీటు మందాన్ని రిబ్బు ముందు భాగంలోనుంచి, 90 మి.మీ. దాకా, తీసేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. మర్చిపోతే షీటు అయిపోయే చోట మెట్టులాంటిది ఏర్పడుతుంది.

5. ఇరుసు ఎక్కడ, రెక్క కట్టు ఎలా

ఈ ఆకారం మీద గాలి బలం వెడల్పులో నాలుగోవంతు దగ్గర, అంటే 75 మి.మీ. దగ్గర పడుతుంది. ఇరుసు దానికి కొంచెం ముందుండాలి. 70 మి.మీ. పెట్టండి. వెనక్కి 80కి పోతే రెక్క తనంతట తాను అడ్డం తిరగాలని చూస్తుంది, తోకే దాన్ని ఆపాల్సి వస్తుంది. మరీ ముందుకు 50కి పోతే తోక తిప్పినా రెక్క తక్కువే తిరుగుతుంది.

పని వరస ఇది:

1. కిందినుంచి మొదటి రిబ్బు, ఏడో రిబ్బు ప్లైవుడ్‌తో రెండేసి పొరలు చేసి, 70 మి.మీ. దగ్గర 22 మి.మీ. రంధ్రంలో బేరింగు కూర్చోబెట్టండి. మధ్య రిబ్బులకు 12 మి.మీ. రంధ్రం చాలు, మాస్ట్ వాటికి తగలకూడదు.
2. చదునైన బల్ల మీద రిబ్బుల్ని 100 మి.మీ. దూరంలో నిలబెట్టి, మాస్ట్‌ను గుచ్చి వరస చూసుకోండి.
3. 90 మి.మీ. దగ్గర రెండు పక్కలా పుల్లలు, వెనకంచుకు ఒక పుల్ల అంటించండి.
4. మాస్ట్ కొసలో మూత బిగించి, ఏడో రిబ్బు పైన అంటించిన చిన్న రేకుకీ ఆ మూతకూ మధ్య సైకిల్ గోళీ పెట్టండి. రెక్క బరువంతా ఆ గోళీ మీదే ఆనుతుంది, బేరింగులు పక్కబలాన్ని మాత్రమే మోస్తాయి.
5. రెక్క పైకి ఊడిపోకుండా, కింది బేరింగుకు పైన మాస్ట్‌కు చిన్న కాలర్ (రింగు) అంటించండి. ఇది కవర్ వేయకముందే జరగాలి. అక్కడ ఫిల్మ్‌లో చిన్న కిటికీ ఉంచుకుంటే తర్వాత గ్రీజు పెట్టడానికి పనికొస్తుంది.
6. 300 మి.మీ. ఎత్తులో ఉన్న రిబ్బుకు తోక కడ్డీ. మాస్ట్‌కు తగలకుండా 12 మి.మీ. పక్కగా పోనివ్వండి. ఇరుసు నుంచి ముందుకు 240, వెనక్కి 450 రావాలి, మిగిలిన ముక్క తోక బిగించుకోవడానికి. తోక కాస్త పక్కకు ఉన్నా పనికి అడ్డం కాదు.
7. ముందంచు షీటు తడిపి, వంచి, అంటించి, రాత్రంతా తాళ్లతో కట్టి ఉంచండి. రెక్క మెలిపడకుండా కాపాడేది ఈ చుట్టే.

పైన రెండు రిబ్బుల మధ్య ఖాళీలను కోసిన థర్మకోల్‌తో నింపండి. పడవ పడిపోయినప్పుడు ఆ తేలే ముక్క లేకపోతే రెక్క నీళ్లలోకి నిలువునా దిగి, కీల్ ఆకాశంకేసి చూస్తుంది. కింది రిబ్బుకు నీళ్లు కారే రంధ్రం ఒకటి పెట్టండి.

ఫిల్మ్‌ను ముందు అంచుల్లో అంటించి, తర్వాత మధ్యలో వేడి చూపి బిగించాలి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్తే రెక్క మెలి తిరుగుతుంది. అటు కొంత, ఇటు కొంత. మెలి వచ్చేసిందా, చేత్తో ఎదురు మెలి పెట్టి పట్టుకుని మళ్లీ వేడి చూపండి, సర్దుకుంటుంది. వేడి ఎంతో ఫిల్మ్ ప్యాకెట్ చూసి పెట్టుకోండి. ముందుగా చిన్న ముక్క మీద చూస్తే ఇంకా మంచిది.

6. తూకం

పతంగి ఎగరేసిన ఎవరికైనా ఇది తెలిసిన విషయమే. పతంగి ఒక పక్కకే గుంజుతుంటే గాలిని తిట్టం, రెండో పక్కన దారం చుట్టో, కాగితం ముక్క అంటించో సరిచేస్తాం. ఇక్కడా అంతే, కాకపోతే పక్కలకు బదులు ముందు వెనకల తూకం.

రెక్క, తోక, కడ్డీ అన్నీ కలిపిన బరువు సరిగ్గా ఇరుసు మీద పడాలి. లేకపోతే పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు బరువున్న వైపు కిందికి వాలుతుంది. మీరు తోకతో పెట్టిన కోణాన్ని ఆ బరువు చెడగొడుతుంది.

ముందు కాగితం మీద లెక్క వేయండి. వంటింటి డిజిటల్ కాటా చాలు. ఒక ఉదాహరణ:

- రెక్క 340 గ్రా., దాని బరువు కేంద్రం ఇరుసుకు 50 మి.మీ. వెనక: 17,000
- తోక 40 గ్రా., 450 మి.మీ. వెనక: 18,000
- కడ్డీ 24 గ్రా., మధ్యభాగం 120 మి.మీ. వెనక: 2,880
- మొత్తం: 37,880

దీన్ని ఇరుసు నుంచి కడ్డీ ముందు కొసదాకా ఉన్న 240తో భాగిస్తే 158. అంటే ముందు కొసన 158 గ్రాములు కావాలి.

ఈ 158 గ్రాములూ సీసమే పెట్టేస్తే వృథా. సర్వోకు కరెంటు ఇవ్వాలి కదా. రెక్క 360 డిగ్రీలూ తిరుగుతుంది కాబట్టి పడవ లోపలినుంచి వైరు తెస్తే రెండు మలుపుల్లో చుట్టుకుని తెగుతుంది. అందుకే బ్యాటరీనీ రెండో రిసీవర్‌నూ కడ్డీ ముందు కొసనే పెట్టండి. నాలుగు సెల్స్ సుమారు 110 గ్రాములు, రిసీవర్ 10. మిగిలిన 38 గ్రాములకే సీసం గుండ్లు. రిమోట్ ఒకటే, రెండు రిసీవర్లను దానికే జత చేయండి. ఒకటి చుక్కానికి, ఒకటి తోకకు. మీ రిమోట్ రెండిటినీ ఒకేసారి ఒప్పుకుంటుందో లేదో కొనేముందే అడగండి.

తడవకుండా బ్యాటరీ ప్యాక్‌ను ఒక బెలూన్‌లో, రిసీవర్‌ను ఇంకో బెలూన్‌లో దూర్చి, మూతిని వైరు చుట్టూ గట్టిగా ముడేయండి. ఖరీదైన డబ్బాల కంటే ఇదే నమ్మకం. ఎండకు బెలూన్ పెళుసుబారుతుంది కాబట్టి నీళ్లలోకి దింపే ప్రతిసారీ కొత్తది.

లెక్క అయ్యాక అసలు పరీక్ష:

1. మాస్ట్‌ను రెండు కుర్చీల మధ్య నేలకు సమాంతరంగా పడుకోబెట్టి, కదలకుండా బిగించండి.
2. రెక్కను చేత్తో ఒక కోణంలో పెట్టి వదలండి.
3. వదిలిన చోటే ఆగితే తూకం సరి. తోక కిందికి దిగితే ముందు గుండ్లు పెంచండి, ముక్కు దిగితే తగ్గించండి.
4. పైన, కింద, పక్కల నాలుగు కోణాల్లో చూడండి. ఒక కోణంలోనే ఆగితే సంతోషపడకండి, అది బేరింగు బిగువు కావచ్చు.

బిగువు చూడటానికి తోక కొసకు దారం కట్టి 2 గ్రాముల గుండు వేలాడదీయండి. రెక్క కదలాలి. కదలకపోతే బేరింగు వంకరగా కూర్చుంది, లేదా మాస్ట్ మధ్య రిబ్బుకు రాసుకుంటోంది.

7. పడవ మీద ఎక్కడ నిలబెట్టాలి

పాత మాస్ట్ రంధ్రంలోనే గుచ్చేస్తే పడవ మాట వినదు. గుడ్డ తెరచాపల బలం మాస్ట్‌కు వెనక ఎక్కడో పడుతుంది, రెక్క బలం దాదాపు మాస్ట్ మీదే పడుతుంది. పాత రంధ్రంలో పెడితే బలం ముందుకు జరిగి, చుక్కాని ఎంత తిప్పినా ముక్కు గాలివాటానికి పారిపోతుంది.

పాత తెరచాపలను తగ్గించిన కొలతలో ఒకే అట్టముక్కగా కోసి, సూది మొన మీద నిలిచే చోటు కనుక్కోండి. ఆ చోటికి సరిగ్గా కింద కొత్త మాస్ట్ రావాలి. అక్కడ పడవ అడుగుదాకా గొట్టం దింపి ఎపాక్సీతో బిగించి, మాస్ట్‌ను అందులోకి దించి, అడ్డంగా పిన్ను వేయండి. పిన్ను తీస్తే మాస్ట్‌తో సహా రెక్క మొత్తం పైకి రావాలి. రెక్క కిందికీ డెక్కుకీ మధ్య సందు 15 మి.మీ. చాలు. తోక చుట్టూ తిరిగే దారిలో తాళ్లు, యాంటెన్నా ఏవీ ఉండకూడదు.

8. డాబా మీద పరీక్ష

నీళ్ల దగ్గరికి పరిగెత్తకండి. సాయంత్రం డాబా ఎక్కి, మాస్ట్‌ను పట్టుకుని పిట్టగోడకంటే పైకి ఎత్తండి. పిట్టగోడ చాటున గాలి సుడులు తిరుగుతుంది.

తోక సూటిగా ఉంటే రెక్క ముక్కు గాలికి ఎదురు నిలవాలి, చేతికి బరువు తెలియకూడదు. ఇప్పుడు తోకను 7 డిగ్రీలు తిప్పండి. రెక్క 9, 10 డిగ్రీలు తిరిగి ఆగుతుంది, చేతిని ఒక పక్కకు లాగుతుంది. తోక వెనకంచును ఏ పక్కకు తిప్పితే లాగుడు ఆ పక్కకే. ఈ ఒక్క నియమం గుర్తుంటే రిమోట్‌లో తికమక ఉండదు.

తోక 8 డిగ్రీలు దాటి తిరగకుండా సర్వోకు హద్దు పెట్టండి. రెక్క కోణం 12, 15 మధ్యకు చేరితే గాలి ఉపరితలాన్ని వదిలేస్తుంది, లాగుడు పడిపోతుంది, ఈడ్పు పెరుగుతుంది. ఇంత చిన్న రెక్కకు అది ఇంకా ముందే జరగొచ్చు. ముందంచు నుంచి 30 మి.మీ. దగ్గర రెండు పక్కలా నిలువుగా సన్న దారం అంటిస్తే గాలి ఇంకొంచెం సేపు అతుక్కుని ఉంటుంది. చూడటానికి బాగుండదు కానీ తేడా చేతికి తెలుస్తుంది.

9. నీళ్లలోకి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచే. హుస్సేన్ సాగర్‌లో అయితే అది నెక్లెస్ రోడ్డు వైపునుంచి ట్యాంక్‌బండ్ వైపు తోస్తుంది. అంటే నెక్లెస్ రోడ్డు ఒడ్డున వదిలిన పడవ చేయి దాటిపోతే చేరేది ట్యాంక్‌బండ్ రాతికట్ట దగ్గరికి. తోడుగా ఒక పడవ లేకుండా వదలకండి. ఇక్కడ సెయిలింగ్ క్లబ్బులున్నాయి. వాళ్లను ముందే అడిగి, అనుమతి తీసుకుని, వాళ్ల పడవలకు అడ్డం రాని వేళ పెట్టుకోండి. దుర్గం చెరువు చుట్టూ ఎత్తైన భవనాలు, గాలి నిమిషానికోసారి దిశ మారుస్తుంది. తోక ఎంత త్వరగా సర్దుకుంటుందో చూడాలంటే బాగుంటుంది, మొదటి రోజుకు మాత్రం వద్దు. గుర్రపుడెక్క ఉన్న చోట ఏ చెరువైనా దండగే, కీల్‌కు చుట్టుకుంటే పడవ అక్కడే ఆగుతుంది.

బయల్దేరే ముందు:

- [ ] రెండు బ్యాటరీలూ నిండాయా
- [ ] పిన్ను వేశానా
- [ ] రెక్క చుట్టూ ఆటంకం లేకుండా తిరుగుతోందా
- [ ] తోక సున్నా దగ్గర ఉందా
- [ ] బెలూన్ ముడులు గట్టిగా ఉన్నాయా
- [ ] గాలి గంటకు 15 కి.మీ. లోపే ఉందా

మొదట గాలికి అడ్డంగా పోనివ్వండి. తోక 5 డిగ్రీలతో మొదలుపెట్టి, వేగం అందుకున్నాక 7కి పెంచండి. ఎదురుగాలికి ఏటవాలుగా తిరిగేది ఆ తర్వాతే. మలుపు తీసుకునేటప్పుడు తోక సున్నా, చుక్కాని తిప్పు, ముక్కు గాలిని దాటాక తోక రెండో పక్కకు. ఈ వరస తప్పితే పడవ గాలికి ఎదురుగా నిలబడి వెనక్కి నడుస్తుంది. ఆపాలంటే తోక సున్నా చేస్తే చాలు, బ్రేకు అదే.

గాలితోపాటు సూటిగా పోవాలని చూడకండి. ఈ రెక్క బలహీనత బయటపడేది అక్కడే. అటోసారి ఇటోసారి ఏటవాలుగా కోసుకుంటూ రండి, దూరం ఎక్కువైనా త్వరగా చేరుతుంది.

10. తేడా వస్తే

రెక్క అటు ఇటు ఊగుతూనే ఉంటే: తోక కీలులోనో సర్వో కడ్డీలోనో వదులుంది. అది బిగించండి. తగ్గకపోతే తూకం మళ్లీ చూడండి.

ఒక పక్క బాగా నడిచి రెండో పక్క మందకొడిగా ఉంటే: రెక్కకు మెలి ఉంది, లేదా తోక సున్నా నిజంగా సున్నా కాదు. రెండోది సరిచేయడం తేలిక కాబట్టి ముందు అది చూడండి.

పడవ ముందుకు పోకుండా పక్కకు జారుతుంటే: వేగం లేకుండానే ఎదురుగాలికి తిప్పారు. వేగం లేని కీల్‌కు పట్టుండదు. గాలికి అడ్డంగా మళ్లించి మళ్లీ మొదలుపెట్టండి.

ఎక్కువగా ఒరిగిపోతుంటే: తోక కోణం తగ్గించండి. అయినా తగ్గకపోతే ఆ రోజుకు ఇంటికి.

11. ఒడ్డున, దారిలో

ఒకసారి పడవను గట్టు మీద స్టాండులో నిలబెట్టి, రిమోట్ కట్టేసి, చాయ్ తాగడానికి పది అడుగులు వేశాను. తోక 6 డిగ్రీల దగ్గర ఆగి ఉంది. వాన ముందు వచ్చే గాలి ఒక్కటి కొట్టింది. రెక్కకు ఒడ్డు, నీళ్లు అన్న తేడా ఏముంది, పడవను స్టాండుతో సహా లాక్కుపోయి మెట్ల మీద పడేసింది. నాలుగు రిబ్బులు, రెండు వారాల పని. చాయ్ మాత్రం తాగాను.

అప్పటినుంచి ఒడ్డుకు రాగానే మొదట పిన్ను తీసి రెక్కను పడుకోబెట్టి, ఆ తర్వాతే రిమోట్ కట్టేస్తున్నాను. పడుకోబెట్టిన రెక్క మీద తడి తువ్వాలు వేయండి, ఎగరదు. బండి మీద తీసుకెళ్లేవాళ్లు తోక కడ్డీ ఊడదీసేలా చేసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, ఫిల్మ్ వదులై ముడతలు పడుతుంది. బేరింగులు ఉక్కువైతే ఇంటికొచ్చిన రోజే తుడిచి గ్రీజు పెట్టండి.

12. మనుషులు ఎక్కే పడవకు చేయొచ్చా

చేయొచ్చు, కానీ దీన్నే పెద్దది చేసి కాదు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పడవే. దానికి పెట్టే రెక్క మీద కూడా గాలిదుమారంలో పడే బలం పదుల కిలోలు ఉంటుంది, పైగా దించే వీలు లేదు. పక్కన రెస్క్యూ పడవ, లైఫ్ జాకెట్లు, మాస్ట్ బలం లెక్క కట్టగల మనిషి, ఈ మూడూ ఉంటేనే మొదలుపెట్టండి. అంతకంటే ముందు ఈ మీటరు పడవతో ఒక వానాకాలం మొత్తం తిరగండి.